జపం మనసులో మొదలుపెట్టకమ్మా, నోటితో మొదలుపెట్టు

అమ్మాయీ, మా అమ్మాయి ఈడుదానివి కాబట్టి నువ్వనే అంటాను. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. బెంగళూరు మారతహళ్ళిలో ఉద్యోగం, రాత్రి పదకొండు దాటేదాకా కాల్స్, పడుకుంటే నిద్ర రాదు. మూడు నెలలుగా పొద్దున్నే పది నిమిషాలు కళ్ళు మూసుకుని మనసులో మంత్రం అనుకుంటున్నావు. రెండో నిమిషానికే మేనేజరు మాటలు, పాప స్కూలు ఫీజు, ఇంటి లోను వచ్చి కూర్చుంటున్నాయి. గురువు ఉపదేశం లేకుండా చేయడం తప్పా? స్నానం కాకుండా, నెలసరి రోజుల్లో చేయొచ్చా? ఎన్నిసార్లు చేయాలి? అత్తగారిచ్చిన తులసిమాల వాడొచ్చా? అన్నిటికీ మించి, దీనివల్ల నిజంగా మేలుందా, లేక అంతా నమ్మకమేనా? ఇవీ నీ ప్రశ్నలు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా జపం చేస్తున్నాను. పుట్టింది హిందూపురంలో. పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చి, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు రామమూర్తినగర్‌లో ఉంటాం. నేను పండితురాలిని కాను. కానీ నువ్వు ఎక్కడ ఆగిపోయావో ఆ చోటు నాకు బాగా తెలుసు. నేనూ అక్కడే ఏడాదిన్నర ఆగిపోయాను.

నీ భక్తిలో లోటు లేదు, ఏకాగ్రతలోనూ లోటు లేదు. మూడో మెట్టు మీద మొదలుపెట్టావు, అంతే. జపం మూడు విధాలని పెద్దలు చెబుతారు. పక్కనున్నవాళ్ళకు వినబడేలా పలికితే వాచికం. నాలుక, పెదవులు కదులుతూ మనకు మాత్రమే వినబడీ వినబడనట్టుంటే ఉపాంశువు. పెదవి కదలకుండా లోపలే సాగితే మానసం. శాస్త్రం చెప్పిన విధిగా చేసే యజ్ఞం, అంటే విధియజ్ఞం కన్నా జపయజ్ఞం పదింతలు, ఉపాంశువు నూరింతలు, మానసం వెయ్యింతలు గొప్పదని మనుస్మృతి రెండో అధ్యాయంలో శ్లోకం ఉంది. ప్రవచనాల్లో ఇది తరచూ వినబడుతుంది. విన్నవాళ్ళం వెయ్యింతలున్నదాన్నే పట్టుకుంటాం. ఇప్పటి ఫోన్ యాప్‌లు కూడా ‘కళ్ళు మూసుకుని మనసులో అనుకోండి’ అనే మొదలుపెడతాయి. ఆ శ్లోకం ఫలం ఎంతో చెప్పింది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పలేదు. సంగీతం నేర్చుకునే పిల్లలు సరళీ స్వరాలు గొంతెత్తి పాడి పాడి, ఎన్నేళ్ళకో గానీ లోపల రాగం నడిచే దశకు రారు. జపానికీ అదే వరుస.

మా అబ్బాయి ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఒక ప్రవచనంలో ఈ మాట విని నేనూ మానస జపానికి కూర్చున్నాను. డ్యూటీ ఉదయం షిఫ్టు. నాలుగున్నరకు లేచి కూర్చుంటే అయితే కునుకు, లేకపోతే ఆ పూట వంట ఆలోచన. చేతిలో మాల తిరుగుతూనే ఉండేది, మంత్రం ఎక్కడ జారిపోయిందో తెలిసేది కాదు. నూట ఎనిమిది పూసలు అయ్యాక చూసుకుంటే నిజంగా అనుకున్నవి ఇరవై కూడా ఉండేవి కావు. లేచేసరికి చిరాకు. టిఫిన్ డబ్బా సర్దుకోవడం ఆలస్యం చేశాడని ఒకరోజు పిల్లాణ్ణి కొట్టాను. జపం చేసి లేచిన చెయ్యి అది. వాడు ఏడవలేదు, నా వైపు చూశాడంతే. ఆ సాయంత్రం మాల తీసి దేవుడి గూట్లో పెట్టేశాను. నాలుగు నెలలు ముట్టుకోలేదు.

అప్పుడు మల్లేశ్వరంలో అద్దెకుండేవాళ్ళం. పై వాటాలో ఒక కన్నడ పెద్దాయన ఉండేవారు, సంస్కృతం మాస్టారుగా చేసి రిటైరైనవారు. తెల్లవారుజామున ఆయన పైకి పలికే నామం మా వంటింట్లోకి వినబడేది. ఇంత వయసొచ్చి, ఇంత చదువుకుని, ఇంకా పైకే ఎందుకంటున్నారని ఒకరోజు అడిగాను. ‘మొదలు బాయి, ఆమేలె తుటి, కొనెగె మనస్సు’ అన్నారు. ముందు నోరు, తర్వాత పెదవి, చివరికి మనసు. తాను రోజూ ఈ మూడు మెట్లూ ఎక్కుతానని, నిన్న ఎక్కాను కదా అని ఈరోజు మొదటి మెట్టు వదిలేయనని చెప్పారు. నా ముప్పై ఏళ్ళ జపానికీ ఆ ఒక్క మాటే ఆధారం.

రేపు పొద్దున ఇలా చేసి చూడు. నీ మంత్రం ‘శ్రీరామ జయరామ జయజయరామ’ అనుకుందాం. చాప మీద కూర్చో, మోకాళ్ళు నొస్తే కుర్చీలో కూర్చో, వెన్ను మాత్రం నిటారుగా ఉండాలి. ఊపిరి పీల్చుకుని, వదులుతూ మంత్రం ఒకసారి పైకి అను. పాపకు జోల పాడే వేగం చాలు. అయ్యాక నోరు మూసుకో, ఊపిరి దానంతటదే లోపలికి వస్తుంది, లాగొద్దు. మళ్ళీ వదులుతూ ఇంకొకసారి. ఒక్కో దానికి సుమారు పది సెకన్లు పడుతుంది. ఇరవై ఏడుసార్లు అంటే నాలుగున్నర నిమిషాలు. మొదట అంతే చెయ్యి. ఇరవై ఏడు నూట ఎనిమిదిలో పావు వంతు, ఇరవై ఏడు పూసల చిన్న మాలలు కూడా దొరుకుతాయి. పాప నిద్ర లేస్తుందనుకుంటే గొంతు తగ్గించు, కానీ నువ్వు పలికింది నీ చెవికి వినబడాలి.

చెవి సంగతి ఇంకొంచెం చెప్పాలి. హెడ్‌సెట్ తగిలించుకుని పాతికేళ్ళు పనిచేసినదాన్ని. హాల్లో ఇరవై మంది ఒకేసారి మాట్లాడుతున్నా, లైన్లో ఉన్న ఒక్క గొంతును చెవి పట్టుకుంటే మిగతా గోల వెనక్కి పోతుంది. గోల ఆగదు, మన చెవి అక్కడ ఉండదు. జపంలోనూ పని చెవిదే. నోరు పలకడం సగం, పలికిన ప్రతి అక్షరాన్నీ చెవి వినడం మిగతా సగం. కళ్ళు మూసుకుని మనసులో అనుకునేటప్పుడు చెవికి పని ఉండదు, ఖాళీగా ఉన్న చెవిలోకి మేనేజరు వచ్చేస్తాడు. నీకు జరుగుతున్నది అదే.

పైకి అంటున్నా మనసు పారిపోతుంది. పోనీ. ‘యతో యతో నిశ్చరతి’ అని గీత ఆరో అధ్యాయంలో ఉంది కదా: చంచలమైన మనసు ఎక్కడెక్కడికి పోతే అక్కడక్కడి నుంచి వెనక్కి తీసుకురమ్మని. అసలు పోనివ్వకు అని కృష్ణుడు అనలేదు. పోయిందని తెలిసిన క్షణంలో, చేతిలో ఉన్న పూస దగ్గరే ఆ మంత్రం మళ్ళీ అను. మొదటి పూసకు పోనక్కర్లేదు, నిన్ను నువ్వు తిట్టుకోనక్కర్లేదు. ఇరవై ఏడులో పదిహేనుసార్లు వెనక్కి తెచ్చుకున్నావంటే, పదిహేనుసార్లు సాధన జరిగిందని లెక్క.

ఒక మండలం పాటు సంఖ్య పెంచకు. మండలమంటే కొందరు నలభై రోజులంటారు, కొందరు నలభై ఒకటి, తమిళులు నలభై ఎనిమిది. ఏదైనా సరే. ఉత్సాహం వచ్చిన ఆదివారం వెయ్యి చేసి సోమవారం మానేసేవాళ్ళను చాలామందిని చూశాను. యోగసూత్రాలు రాసిన పతంజలి అభ్యాసానికి మూడు షరతులు పెట్టాడు: దీర్ఘకాలం, ఎడతెగకుండా, ఆదరంతో. ఎక్కువ సంఖ్య ఆ మూడింటిలో లేదు. మండలం అయ్యాక మొదటి తొమ్మిది పైకి, తర్వాతివి పెదవులతో. ఇంకో రెండు మూడు నెలలకు చివరి కొన్ని మనసులో. తొందరపడకు. మూడో మెట్టు మనం ఎక్కేదానికన్నా అదే మన దగ్గరికి వచ్చేది ఎక్కువ. ఒకరోజు చారుకు తాలింపు పెడుతూ ఆవాలు చిటపటలాడేదాకా చూస్తుంటే లోపల మంత్రం నడుస్తోందని గమనించాను. ఎప్పుడు మొదలైందో తెలియదు. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

నమ్మకమేనా అని అడిగావు, అడగాల్సిన ప్రశ్నే. మా అబ్బాయి చదివి చెప్పినవాటిలో నాకు అర్థమైనవి చెబుతాను. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లూచియానో బెర్నార్డీ అనే ఇటలీ వైద్యుడి బృందం ఒక పరిశీలన ప్రచురించింది. ఆరోగ్యంగా ఉన్న 23 మంది చేత క్రైస్తవుల జపమాల ప్రార్థన లాటిన్‌లోనూ, ‘ఓం మణి పద్మే హుం’ అనే బౌద్ధ మంత్రమూ పలికించారు. ఊరికే కూర్చున్నప్పుడు పెద్దవాళ్ళం నిమిషానికి పన్నెండు నుంచి ఇరవైసార్లు ఊపిరి తీస్తాం. అవి పలికేటప్పుడు ఊపిరి నిమిషానికి ఆరు దగ్గరికి వచ్చింది. రక్తపోటు హెచ్చుతగ్గుల్ని శరీరం సర్దుకునే శక్తి కూడా పెరిగింది. పైన చెప్పిన పది సెకన్ల లెక్క చూడు, నిమిషానికి ఆరే. ఏ మతం మంత్రమైనా అంత పొడవు వాక్యాన్ని ఊపిరితో పలికితే శరీరం అలా సర్దుకుంటోంది.

రెండోది మన ఊళ్ళోనే, నిమ్హాన్స్ అనే మానసిక వైద్య సంస్థలో జరిగింది, 2011లో వచ్చింది. పన్నెండు మంది ఎమ్మారై యంత్రంలో పడుకుని ఓంకారం పైకి పలికారు. పోలిక కోసం ‘స్స్’ అనే శబ్దం కూడా చేశారు. ఓం పలికినప్పుడు, భయానికీ ఆందోళనకూ సంబంధమున్న అమిగ్డలా వంటి మెదడు భాగాల్లో చురుకు తగ్గింది. ‘స్స్’ అన్నప్పుడు తగ్గలేదు. చిన్న పరిశీలనే, దాన్ని పట్టుకుని పెద్ద మాటలు అనకూడదు. కానీ ఈ రెండింటిలోనూ మంత్రాన్ని పైకే పలికించారు. నాకు దాంట్లో మల్లేశ్వరం మాస్టారి మాట వినబడింది.

మరో వైపూ చెప్పాలి. 2014లో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో 47 పరీక్షలను కలిపి ఒక సమీక్ష వచ్చింది. శ్వాసనూ ఆలోచనల్నీ గమనించే ధ్యాన పద్ధతులు ఆందోళన, దిగులు కొంత తగ్గిస్తాయని తేలింది. మంత్ర పద్ధతుల గురించి గట్టిగా చెప్పడానికి ఆధారాలు చాలలేదు. కాబట్టి జపం చేస్తే షుగరు పోతుంది, బీపీ మాత్రలు మానేయొచ్చు అని ఎవరైనా అంటే వినకు. ముప్పై ఏళ్ళు చేసి నేను రోజూ బీపీ మాత్ర వేసుకుంటున్నాను.

మరి నాకు ఏం దొరికింది? కోపం పోలేదు. కోపానికీ మాటకూ మధ్య ఒక ఊపిరి దొరికింది. ఆ ఊపిరిలోనే కొడుకు మీదికి లేచిన చెయ్యి దిగింది, కోడలితో అనబోయిన మాట ఆగింది. ఇంట్లో మనుషులు ఇంకా నాతో మనసు విప్పి మాట్లాడుతున్నారంటే అందులో జపం పాలు ఎంతో ఉంది.

ఉపదేశం గురించి. హ్రీం, క్లీం లాంటి బీజాక్షరాలున్న మంత్రాలు, న్యాసాలూ (మంత్రం అంటూ ఒంటి భాగాలను తాకడం) నియమాలూ ఉన్నవి గురువు దగ్గరే తీసుకోవాలి. పుస్తకం చూసో వీడియో చూసో మొదలుపెట్టకు. భగవన్నామానికి ఆ అడ్డు లేదు. తమిళనాడులోని తిరుక్కోట్టియూర్‌లో గురువు రహస్యంగా ఉంచమన్న ‘ఓం నమో నారాయణాయ’ అనే అష్టాక్షరిని రామానుజులవారు గుడి గోపురమెక్కి అందరికీ వినిపించారని సంప్రదాయంలో చెబుతారు. నాకు నరకం వచ్చినా ఇంతమంది తరిస్తే చాలన్నారట. ఆ కథ తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. చిన్నప్పుడు మీ ఇంట్లో ఏ పేరు ఎక్కువగా వినబడేదో అదే తీసుకో. రాముడో, శివుడో, నారాయణుడో, అమ్మవారో. ‘అమ్మా’ అన్నప్పుడు ఎలా నోరు వెతుక్కోదో, అలా వచ్చే పేరు కావాలి. తీసుకున్నాక మార్చకు. నాలుగు చోట్ల నాలుగడుగులు తవ్వితే నీళ్ళు పడవని మా సీమలో బోర్లు వేసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

స్నానం, నెలసరి గురించి. కలిసంతరణోపనిషత్తులో నారదుడు నామజపానికి విధి ఏమిటని బ్రహ్మను అడుగుతాడు. ‘నాస్య విధిః’, దీనికి విధి లేదు, శుచిగా ఉన్నా లేకున్నా చేయొచ్చు అని జవాబు. మా అమ్మ ఆ మూడు రోజులూ మాల ముట్టేది కాదు, దేవుడి గదిలోకి వచ్చేది కాదు, కానీ వసారాలో కూర్చుని నామం అంటూనే ఉండేది. మీ ఇంటి ఆచారం ఎలా ఉంటే అలా పాటించు, నామం మాత్రం ఆపకు.

సంఖ్య అంటే మా అవ్వ గుర్తొస్తుంది. రామకోటి రాసేది. మధ్యాహ్నం అందరి భోజనాలయ్యాక, స్తంభానికి ఆనుకుని, గళ్ళ పుస్తకంలో గడికొక ‘శ్రీరామ’. లెక్క వేస్తే రోజుకు వెయ్యి రాసినా కోటి కావడానికి పదివేల రోజులు, అంటే ఇరవై ఏడేళ్ళ పైమాట. అవ్వకు చదువు రాదు, రాయడం వచ్చిన అక్షరాలు ఆ మూడే. కోటి పూర్తి కాకుండానే పోయింది, ఆఖరి పుస్తకం సగంలో ఆగింది. ఆ పుస్తకం నా దగ్గరుంది. చివరి పేజీల్లో అక్షరాలు వణికాయి, కానీ ఒక్క గడీ ఖాళీ వదల్లేదు. కాల్ అయ్యాక తల దిమ్మెక్కి కూర్చోలేని రాత్రి నువ్వూ ఒక నోటుబుక్కులో ఇరవై ఏడుసార్లు రాయి. రోజంతా స్క్రీన్ చూసిన కంటికి కాగితం, కీబోర్డు కొట్టిన వేళ్ళకు కలం. చెయ్యి, కన్ను, నామం మూడూ ఒకేచోట ఉంటాయి కాబట్టి మనసుకు పారిపోయే సందు తక్కువ.

పొద్దున చేసిన ఆ నాలుగున్నర నిమిషాలు పగటి పూట ఎక్కడ అక్కరకొస్తాయో ఇప్పుడు చూడు. మీటింగులో మ్యూట్ తీసేముందు ఒక్క మంత్రం, ఒక్క ఊపిరి. ఎవరికీ తెలియదు. మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర క్యాబ్ కదలనప్పుడు, మెట్రోలో నిలబడినప్పుడు పెదవులతో చెయ్యి, చున్నీ అంచు నోటి దగ్గరుంచుకుంటే చాలు. బండి నువ్వే నడుపుతుంటే వద్దు, రోడ్డు మీదే దృష్టి పెట్టు. పప్పు కడిగేటప్పుడు, బట్టలు మడిచేటప్పుడు పైకే అను. పాప వింటుంది. నేర్పనక్కర్లేదు, అదే అంటుంది.

మా ఆయనకు గుండె ఆపరేషన్ జరిగిన రోజు హడావిడిలో మాల ఇంట్లో మరిచిపోయాను. ఆపరేషన్ గది బయట ఐదు గంటలు. వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టాను. ఉంగరపు వేలి నడిమి కణుపు దగ్గర మొదలుపెట్టి కిందికి దిగి, చిటికెన వేలు మొదలు నుంచి కొసకు ఎక్కి, ఉంగరపు వేలి, నడిమి వేలి కొసల మీదుగా చూపుడు వేలి మొదలు దాకా వస్తే పది. దీన్ని కరమాల అంటారు. భయం తగ్గిందని చెప్పను, తగ్గలేదు. కానీ డాక్టరు బయటికి వచ్చి పిలిచినప్పుడు ఆయన చెప్పిన ప్రతి మాటా నాకు అర్థమైంది, అడగాల్సినవి అడిగాను, మా అబ్బాయికి ఫోన్ చేసి వరుసగా చెప్పగలిగాను. ఆ ఐదు గంటల్లో నన్ను చెదరకుండా ఉంచింది ఆ పది కణుపులే.

నిద్ర గురించి విడిగా చెబుతాను, నీ ఉత్తరంలో నాకు ఎక్కువ దిగులు కలిగించింది అదే. చివరి కాల్ అయ్యాక ఫోన్ వేరే గదిలో పెట్టు. కాళ్ళు కడుక్కుని పడుకో. వెల్లకిలా పడుకుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని, ఊపిరి వదిలేటప్పుడు పెదవులతో మంత్రం. లెక్క వద్దు, మాల వద్దు. నిద్ర వస్తే మధ్యలోనే రానివ్వు. పడుకుని జపం చేయకూడదని అనేవాళ్ళు పొద్దున కూర్చుని చేసే జపం గురించి అంటున్నారు. రాత్రి చేసేది పసిపిల్ల అమ్మ కొంగు పట్టుకుని పడుకోవడం లాంటిది.

ఇలా మూడు నాలుగు వారాలు చేసినా నిద్ర రాకపోతే, లేదా గుండె దడ, ఊరికే ఏడుపు రావడం, బతకాలనిపించకపోవడం లాంటివి ఉంటే జపం మీద భారం వేసి కూర్చోకు. డాక్టరును కలువు. టెలి మానస్ అని ప్రభుత్వ ఉచిత ఫోన్ సహాయం ఉంది, నంబరు 14416. తెలుగులోనూ మాట్లాడొచ్చు. మందు వేసుకుంటూ జపం చేయడంలో ఏ దోషమూ లేదు.

ఇక మాల. ఇంకొకరు జపం చేసిన మాల వాడకూడదని అంటారు, నిజమే. కానీ అత్తగారు తన చేత్తో ఇస్తే అది వేరు, ఆమె చేసిన జపంతో సహా ఇచ్చినట్టు. ఒకసారి ఆమె పక్కన కూర్చుని ఆమె మంత్రమేమిటో అడుగు. చెబితే, నీకూ నచ్చితే అదే తీసుకో. నడిమి వేలి మీద ఆనించి బొటనవేలితో పూస జరుపు, చూపుడు వేలు తగలనివ్వకు, మాల రెండు కొసలూ కలిసేచోట ఉండే మేరుపూస దగ్గరికి వచ్చాక దాటకుండా మాల తిప్పుకో. తులసిపూసలు నీళ్ళలో నానబెట్టకు, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. దారం నలిగి ఉంటే తెగేదాకా ఆగకుండా గాంధీబజారులో ఏ గ్రంథిగె అంగడికి (పూజా సామాన్ల కొట్టుకు) తీసుకెళ్ళినా కొత్త దారం ఎక్కడ గుచ్చిస్తారో చెబుతారు. ఇచ్చేముందు పూసలు లెక్కపెట్టుకో.